మెడలో గంట

"అమ్మ మెడలో ఒక గంట కట్టేస్తే సరిపోతుంది కదక్కా!" అన్నాడు మా తమ్ముడు.

గంటంటే నిజం గంట కాదు లెండి. అగ్గిపెట్టె కన్నా చిన్నదైన నల్లటి బిళ్ళ. దాని పొట్టలో ఒక సిమ్ కార్డూ, ఒక బ్యాటరీ ఉంటాయి. ఆకాశంలో తిరిగే ఉపగ్రహాల సంకేతాలను పట్టుకుని, తానెక్కడున్నదీ లెక్క కట్టుకుని, ఆ సంగతి మావాడి సెల్‌ఫోనుకు చేరవేస్తుంది. చిన్నపిల్లల కోసం, మతిమరుపు పెద్దవాళ్ళ కోసం అమ్ముతున్నారట. తాడు గుచ్చి మెడలో వేలాడదీయడమే తరువాయి.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"అమ్మేమన్నా మేతకు పోయే ఆవనుకున్నావురా, మెడలో గంట కట్టేకి? మనిద్దర్నీ పెంచి, మంచాన పడిన జేజికి ఏళ్ళ తరబడి సేవచేసిన మనిషి! నాయన పోయినాక బోసిపోయిన ఆ మెడలో చివరికి నువ్వు కట్టేది ఇదా?" అన్నాను.

వాడు కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది. "నువ్వు ధర్మవరంలో కూర్చోని ఎన్నైనా చెప్తావుక్కా. రాత్రి రెండు గంటలకు గొళ్ళెం చప్పుడైతే లేసేది నేనూ, నీ మరదలూ" అన్నాడు మెల్లిగా.

నా నోరు మూతపడింది. కథల్లో, నవలల్లో పాత్రలచేత బోలెడు మాటలు మాట్లాడించే నాకు, తమ్ముడి ముందు జవాబు దొరకలేదు.

అసలు సంగతి మీకు మొదటినుంచీ చెప్పాలి. మా పుట్టిల్లు హిందూపురం. తమ్ముడు అక్కడే చింతపండు మండీ నడుపుతున్నాడు. నన్నిచ్చింది ధర్మవరం. మా ఇంటికి ఆ పక్కా ఈ పక్కా మగ్గాల చప్పుడు. ఈ రెండూళ్ళకూ మధ్యన, పెనుకొండ కొండ కింద ఒక పల్లె మా అమ్మ పుట్టిల్లు. మూడూళ్ళూ ఒకే రైలుదారి మీద ఉన్నాయి. చిన్నప్పుడు నాకు ప్రపంచమంటే ఆ రైలుదారే. అటు కొస హిందూపురం, ఇటు కొస ధర్మవరం, నట్టనడుమ అమ్మ చెప్పే కథలన్నీ జరిగే పెనుకొండ.

అమ్మకు డెబ్బై నాలుగేళ్ళు. మూడేళ్ళుగా మరుపు. మొదట పాలు పొంగబెట్టడం, తరువాత కొళాయి కట్టకపోవడం, ఆ తరువాత మా మరదలిని "ఎవరి పాపవమ్మా నువ్వు?" అని అడగడం. చిత్రమేమిటంటే నిన్నటి మాట గుర్తుండదు గాని, అరవై ఏళ్ళ కిందటివి మాత్రం నిన్న జరిగినంత స్పష్టంగా చెబుతుంది. మనసనేది ఉల్లిగడ్డలాంటిదేమో, పైపొరలే ముందు రాలతాయి.

కిందటి శ్రావణమాసంలో ఒక రోజు మధ్యాహ్నం మరదలు కునుకు తీసి లేచేసరికి అమ్మ లేదు. అమ్మ గుడ్డసంచీ లేదు. తమ్ముడు మండీ వదిలేసి వీధులన్నీ తిరిగాడు. నాకు ఫోన్ చేశాడు. నేను కట్టుకున్న చీరతోనే బస్సెక్కి హిందూపురం పరుగెత్తాను. గుడులూ, సంతా, బస్టాండూ, తెలిసినవాళ్ళ ఇళ్ళూ... చీకటి పడింది. చెరువు దగ్గరికి వెళదామని ఎవరో అన్నారు. ఆ మాటకు నా కాళ్ళు చల్లబడిపోయాయి.

రాత్రి తొమ్మిదింటికి ఫోను మోగింది. అమ్మ ఎక్కడుందంటారు? ధర్మవరం స్టేషన్లో!

రైలెక్కిందట. పెనుకొండలో దిగాలనుకుందట. కిటికీలోంచి చూస్తే అది తన పెనుకొండ కాదనిపించిందట. అందుకని దిగలేదు. ధర్మవరంలో అందరూ దిగుతుంటే తనూ దిగి బెంచీ మీద కూర్చుంది. సాయంత్రం నాలుగింటినుంచీ అక్కడే. పూలమ్ముకునే ఒకావిడ బన్నూ టీ ఇప్పించి, సంచీలో వెదికితే మా తమ్ముడి మండీ రసీదు దొరికింది. దాని మీద ఫోన్ నంబరు.

మా ఇంటికీ ఆ స్టేషనుకూ పదిహేను నిమిషాల నడక. అమ్మ నా గుమ్మం ముందు కూర్చున్నట్టే కూర్చుంది. నేనేమో ఆవిడను వెదకడానికి ఆ ఊరు వదిలి హిందూపురం పరుగెత్తాను!

రాత్రి ఇంటికి తీసుకొస్తుంటే అడిగాను. "పెనుకొండకు ఏంటికి పోతివి మా?"

"కరియాడు ఇంకా లోపలే ఉండాడు కదనే. తవ్వల్ల" అంది అమ్మ.

కరియ ఎవరో చెప్పకపోతే మీకు ఈ కథ అర్థం కాదు.

కరియ మా తాత కుక్క. మా హిందూపురం సీమలో సగం మాటలు కన్నడమే కాబట్టి నల్లకుక్కకు ఆ పేరు. తాతకు వేట పిచ్చి. ఉగాది మర్నాడు, ఓళిగలు తిన్న నోటికి మాంసం రుచి తగిలే రోజున, ఊళ్ళో మగవాళ్ళంతా వలలు భుజాన వేసుకుని చెవులపిల్లి వేటకు పోయేవాళ్ళట. కుందేలును మావైపు చెవులపిల్లి అంటారు. పొదల వెంట వల కట్టి, ఆ చివరినుంచి కేకలు వేసుకుంటూ, డప్పు కొట్టుకుంటూ తరుముకుని రావడం. ఇదంతా 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం రాకముందు మాట. ఇప్పుడు చెవులపిల్లిని పట్టినా, చంపినా నేరం. అది అలా ఉండడమే మంచిది. కుందేలు వేటకుక్కల మీద తిరగబడిన చోట విజయనగరం కట్టారని చెప్పుకునే కథ మీకు తెలిసిందే కదా. 1565లో ఆ విజయనగరం కూలాక రాజధాని మా పెనుకొండకే వచ్చింది. అంటే కుందేలు పౌరుషానికి మేమూ వారసులమే!

అమ్మకు పదేళ్ళప్పుడు ఒక రాత్రి చెనిక్కాయ చేలో ముళ్ళపంది పడింది. తాత కరియను వదిలాడు. ముళ్ళపంది కొండ వార బండల కింద ఉన్న బొరియలోకి దూరింది. వెనకే కరియ దూరింది. అంతే. తెల్లవార్లూ బయటికి రాలేదు. లోపలినుంచి మూలుగు మాత్రం వినిపిస్తోందట. బండల సందుల్లోంచి ఆ మూలుగు ఒకసారి ఇటునుంచి వచ్చినట్టుంటుంది, ఒకసారి అటునుంచి. తాత గడారి తీసుకుని ఒక చోట తవ్వాడు. కాదు. ఇంకో చోట తవ్వాడు. అదీ కాదు. అమ్మ బోర్లా పడుకుని నేలకు చెవి పెట్టి "ఇక్కడ నాయనా, ఇక్కడ" అని చూపించింది. అక్కడా తవ్వాడు. రెండు రోజులు. మూడో రోజు పొద్దున మూలుగు ఆగిపోయింది.

తాత మళ్ళీ కుక్కను పెంచలేదు. వేటకూ పోలేదు. "యాడ తవ్వల్లో తెలిసింటే..." అని చచ్చిపోయేదాకా అంటుండేవాడట.

ఈ కథ మేము అన్నం తినకుండా మారాం చేసినప్పుడల్లా అమ్మ చెప్పేది. కథ ముగిసేలోపు ముద్దలు లోపలికి పోయేవి. ఇప్పుడు ఆ కథ అమ్మకు ముగియడం లేదు. అదీ మా కష్టం.

సరే, మెడలో గంట పంచాయితీ తెగకుండానే నాకు ఇంగ్లండు ప్రయాణం తగిలింది. మా అమ్మాయి అక్కడ నార్విచ్‌లో ఎమ్మెస్సీ చదివింది. జనవరిలో పట్టా ఇస్తారు, తల్లిదండ్రులు రావచ్చు. మావారికి బ్యాంకులో సెలవు దొరకలేదు. "నువ్వు వెళ్ళిరా, ఒక నవలకు సరిపడా సరుకు తెచ్చుకో" అన్నారు. ఆయన ఉద్దేశం టికెట్టు డబ్బులు నవలతో రాబట్టమని!

మా అమ్మాయి ఉండేది ఊరి బయట, పల్లెటూరి ఇంట్లో అద్దె గదిలో. ఇంటాయనకు డెబ్బై పైబడ్డాయి. భార్య పోయింది. పెరట్లో చెక్కగూళ్ళల్లో రెండు వింత జంతువులను పెంచుతున్నాడు. ముంగిసకు చెల్లెళ్ళలా, ఇంకా సన్నగా, సాగదీసినట్టు ఉన్నాయి. ముఖాన నల్లటి ముసుగు, గుండ్రటి చిన్న చెవులు. ఫెర్రెట్లట. ఐరోపా అడవుల్లోని పోల్‌క్యాట్ అనే జంతువును మచ్చిక చేయగా వచ్చిన జాతి. కుందేళ్ళ వేటకు పెంచుతారట.

వేట అనగానే నాకు తాత గుర్తొచ్చాడు. రేపు పొద్దున పొలానికి పోతున్నాను, వస్తారా అని ఆయన మర్యాదకు అడిగితే నేను నిజంగానే వస్తానన్నాను. మా అమ్మాయి నా వంక చూసిన చూపు మీరు చూడాలి.

ఇక్కడొక సంగతి చెప్పుకోవాలి. వాళ్ళ కుందేలూ మన చెవులపిల్లీ ఒకటి కావు. మనది బొరియ తవ్వదు. పొద చాటున నేల కాస్త పల్లం చేసుకుని అందులోనే పడుకుంటుంది. దాని పిల్లలు పుట్టడమే కళ్ళు తెరుచుకుని, ఒంటి నిండా బొచ్చుతో పుడతాయి. వాళ్ళ బొరియ కుందేలు అలా కాదు. పిల్లలు కళ్ళు మూసుకుని, ఒంటి మీద వెంట్రుక లేకుండా పుడతాయి. అందుకే నేల లోపల ఇల్లు. ఒక గుంపు ఉన్నచోట భూమి కింద సందులూ గొందులూ, పదీ ఇరవై ద్వారాలూ ఉంటాయి. ఆ కుందేళ్ళు కూడా ఇంగ్లండులో మొదటినుంచీ ఉన్నవి కావు. నార్మన్లు మాంసం కోసం, బొచ్చు కోసం తెచ్చి పెంచినవి. అవి తప్పించుకుని, పెరిగి, ఇప్పుడు మొలకెత్తిన గోధుమను చేను అంచులనుంచి కొరుక్కుంటూ పోతాయి. 1859లో ఒక దొర సరదా వేట కోసం ఆస్ట్రేలియాలో రెండు డజన్ల కుందేళ్ళను వదిలితే, అవి ఆ ఖండాన్నే తినేశాయన్న సంగతి మనం బడిలో చదువుకున్నదే.

మర్నాడు పొద్దున మంచు కమ్మిన పొలానికి వెళ్ళాం. నేను మూడు స్వెట్టర్ల మీద ఒక కోటు వేసుకుని ఉప్పు మూటలా ఉన్నాను. చలికాలమే దీనికి అదనట. తుప్పలు ఎండిపోయి బొరియలు కనబడతాయి, పిల్లల కాలం కూడా కాదు. "అడుగు మెల్లిగా వెయ్యండి, కాళ్ళ చప్పుడు లోపలికి తెలుస్తుంది" అని సైగ చేశాడాయన. ఒక్కో ద్వారం మీద ఒక్కో చిన్న వల పరిచి, మేకు దిగేశాడు. సంచీ మూతిలా ముడుచుకునే వల.

తరువాత చెక్కపెట్టె తెరిచి ఒక ఫెర్రెట్‌ను తీశాడు. దాని పేరు డైసీ. జేబులోంచి సన్నటి తోలు పటకా తీశాడు. దానికి చిన్న గొట్టంలాంటి బిళ్ళ ఒకటి అతికించి ఉంది.

నా గుండె ఒక్కసారి ఆగి కొట్టుకుంది. మెడలో గంట!

పటకా డైసీ మెడకు కట్టి, లోపలికి వేలు దూర్చి చూసుకున్నాడు. మరీ బిగిస్తే దానికి ఊపిరాడదు, మరీ వదులైతే లోపల వేరుకు తగులుకుని జారిపోతుంది. తరువాత చేతిలోని పెట్టెను మీటి, పటకా దగ్గర పెట్టి చూశాడు. పెట్టె కిచకిచలాడింది. అప్పుడు గాని డైసీని వదల్లేదు.

కుందేలు ఎక్కడుందో చెప్పడానికా ఇది, అని మా అమ్మాయి చేత అడిగించాను. ఆయన నవ్వాడు. కుందేలు సంగతి దీనికేం తెలుసు, ఇది డైసీ కోసం అన్నాడు. ఫెర్రెట్ లోపలికి పోతే కుందేలు బెదిరి బయటికి దూకి వలలో పడాలి. కాని ఒక్కోసారి కుందేలు దూకదు. మూల సందులోకి పోయి వీపు అడ్డం పెట్టుకుని కూర్చుంటుంది. ఫెర్రెట్ దాన్ని వదిలి రాదు. లేదా లోపలే చంపి, తిని, అక్కడే నిద్రపోతుంది. లేదా రెంటి నడుమ ఇరుక్కుని వెనక్కి రాలేదు. అప్పుడు ఎక్కడ తవ్వాలో తెలియాలి కదా అన్నాడు.

ఎక్కడ తవ్వాలో తెలియాలి కదా! నార్విచ్ దగ్గర పొలంలో, ఆ పరాయి దొర నోట, మా తాత మాట.

డైసీ లోపలికి జారిపోయింది. కాళ్ళ కింద భూమిలో ఎక్కడో దబ్‌మని చప్పుడు. ఒక వలలోకి బూడిదరంగు ముద్ద ఒకటి దూసుకొచ్చి చుట్టుకుపోయింది. ఆయన క్షణంలో దాని పని ముగించాడు. నేను ముఖం తిప్పుకున్నాను. ముఖమైతే తిప్పుకున్నాను గాని, ఉగాది మర్నాడు మాంసంకూర వండే నాకు దయ గురించి ఉపన్యాసాలిచ్చే హక్కు ఉందా అని కూడా అనిపించింది. ఏ మాటకామాటే చెప్పుకోవాలి.

రెండో కుందేలూ వచ్చింది. డైసీ మాత్రం రాలేదు. అయిదు నిమిషాలు, పది, ఇరవై. ఆయన ముఖంలో నవ్వు పోయింది. పెట్టె తీసుకుని నేలమీద అటూ ఇటూ తిప్పుతూ నడవసాగాడు. కిచకిచ దూరంగా ఉన్నప్పుడు ఒక లాగా, దగ్గరైనప్పుడు ఒక లాగా. ఒక చోట ఆగాడు. నాలుగు వైపులనుంచీ ఆ చోటికే వచ్చి సరిచూసుకున్నాడు. మడమతో గుర్తు పెట్టాడు. పెట్టె మీద లోతు కూడా పడుతుంది. మూడడుగుల పైచిల్లర.

కోటు విప్పి పార అందుకున్నాడు. డెబ్బై ఏళ్ళ మనిషి, గడ్డకట్టిన నేల. మా అమ్మాయి సాయం పట్టబోతే వద్దన్నాడు. అడుగు తవ్వడం, పెట్టె పెట్టి వినడం. మళ్ళీ అడుగు తవ్వడం, మళ్ళీ వినడం. లోపలున్నది రాయి కాదు కదా, ఈలోగా జరిగి ఉండొచ్చు. మోకాలు దాటిన లోతుకు వచ్చాక పార పక్కన పెట్టేసి, బోర్లా పడుకుని చేతులతో మట్టి తీయసాగాడు. పార తగిలితే డైసీకి దెబ్బ!

ఆ బోర్లా పడుకున్న ముసలాయన స్థానంలో నాకు పదేళ్ళ మా అమ్మ కనబడింది. నేలకు చెవి పెట్టి "ఇక్కడ నాయనా, ఇక్కడ" అంటూ.

భుజం దాకా చెయ్యి దూర్చి డైసీని బయటికి తీశాడు. ఒళ్ళంతా మట్టి. కళ్ళల్లో మట్టి. ఆయన చొక్కా కొసతో దాని కళ్ళు తుడిచి, ముక్కు మీద ముద్దుపెట్టి, కోటు లోపల దోపుకున్నాడు. నేను ఏడుస్తున్నానని మా అమ్మాయి మోచేత్తో పొడిచేదాకా నాకు తెలియలేదు. చలికి కళ్ళల్లో నీళ్ళొస్తున్నాయని చెప్పమన్నాను. తల్లులు కూతుళ్ళకు నేర్పే మొదటి అబద్ధాల్లో అదొకటి!

ఇంటికొచ్చాక టీ తాగుతూ ఆయన చెప్పాడు. ఆయన చిన్నప్పుడు ఈ పెట్టెలు లేవు. ఫెర్రెట్ రాకపోతే ఒక పెద్ద మగ ఫెర్రెట్‌కు పొడుగాటి తాడు కట్టి వదిలేవాళ్ళు. తాడు మీద కొలతకు ముడులుండేవి. అది ఎంతదూరం లాక్కుపోయిందో చూసి, ఆ తాడు వెంటే తవ్వుకుంటూ పోవాలి. తాడు వేరుకు చుట్టుకుంటే ఆ రెండోదీ దక్కేది కాదు. ఏ దారీ లేకపోతే మిగతా ద్వారాలన్నీ పూడ్చేసి, ఒక్కదాని దగ్గర గడ్డి పరిచిన పెట్టె పెట్టి, పొద్దున్నే పోయి చూసుకునేవాళ్ళు. పెట్టెలో ఉంటే ఉన్నట్టు. పదకొండేళ్ళ వయసులో ఒకదాని కోసం అలా నాలుగు పొద్దులు పోయి చూశానని చెప్పి ఊరుకున్నాడు. అయిదో పొద్దు సంగతి నేనడగలేదు, ఆయన చెప్పలేదు.

ఈ వేట కొత్తదేం కాదట. రెండువేల ఏళ్ళ కిందటే స్ట్రాబో అనే గ్రీకు పండితుడు, స్పెయిన్ దేశంలో ముంగిసలాంటి జంతువుల మూతికి చిక్కం కట్టి కుందేళ్ళ బొరియల్లోకి వదిలేవాళ్ళని రాశాడు. అంటే రెండువేల ఏళ్ళుగా మనుషులు ఒక ప్రాణిని చీకట్లోకి పంపి, పైన నిలబడి ఎదురుచూస్తూనే ఉన్నారు. ఎక్కడ తవ్వాలో చెప్పే పెట్టె చేతికొచ్చింది మాత్రం నిన్న గాక మొన్న.

"ఇది ఉపగ్రహాలతో పనిచేస్తుందా?" అని మా అమ్మాయి అడిగింది. కాదట. ఆకాశంనుంచి వచ్చే ఆ సంకేతాలు మట్టిలోకి దిగవు. భూమిలో ఉన్నదాన్ని భూమి మీదనే నడిచి, వంగి వెదుక్కోవాలి. పైనుంచి చూస్తే కనబడదు.

ఆ మాట రాత్రంతా నా చెవుల్లో ఉంది. నేను చేసిందేమిటి? ధర్మవరంలో కూర్చుని, పైనుంచి చూశాను. అమ్మ గౌరవం గురించి, బోసి మెడ గురించి మంచి మంచి వాక్యాలు చెప్పాను. తమ్ముడు మాత్రం వంగి తవ్వుతున్నాడు. ప్రతి రాత్రీ, గొళ్ళెం చప్పుడైనప్పుడల్లా. మెడలో ఏదో కడితే మనిషి పశువైపోతుందనుకున్నాను. కాని ఆ ముసలాయన డైసీకి పటకా కట్టింది దాన్ని పట్టి ఉంచడానికి కాదు. పట్టి ఉంచాలంటే గూట్లో పెట్టి తాళం వేస్తే చాలు. అది పోవలసిన చీకట్లోకి అది పోతుంది, ఆపలేము. రాలేకపోతే నేను వస్తాను అని చెప్పడానికి కట్టాడు. అమ్మను కూడా గదిలో పెట్టి గడియ వేయమని సలహా ఇచ్చిన బంధువులున్నారు. ఆ మాట వినకుండా బిళ్ళ కొనుక్కొచ్చింది నా తమ్ముడే. ఆ తేడా నాకు అప్పటిదాకా తెలియలేదు.

ఇంకోటి కూడా ఉంది. పెట్టె కిచకిచలాడి చోటు చెబుతుంది, అంతే. తవ్వదు. తవ్వే మనిషి లేకపోతే ఆ కిచకిచ ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే.

తిరిగొచ్చాక నేనే హిందూపురం వెళ్ళాను. వెళ్ళేముందు మా పక్కింటి నేతగాళ్ళ దగ్గర మగ్గం మీద మిగిలిన పట్టుపోగులు అడిగి తెచ్చి, అరటిపండు రంగూ కుంకుమ రంగూ కలిపి తాడు పేనాను. నల్లబిళ్ళకు అదే తాడు. తమ్ముడు చూసి "గంట వద్దంటివి కదక్కా?" అన్నాడు. "నోర్మూసుకోరా" అన్నాను. అక్కలు క్షమాపణ చెప్పుకునే పద్ధతి అదే. వాడికి తెలుసు.

అమ్మ మెడలో వేస్తుంటే తడిమి చూసుకుంది. "ఏమే ఇది?"

"నువ్వు యాడుండేదీ మాకు చెప్తుందంట మా."

అమ్మ కాసేపు ఆలోచించింది. నా ముఖంలోకి చూసింది. నేనెవరో ఆ క్షణాన తెలిసిందో లేదో చెప్పలేను.

"తవ్వేకి వస్తారా?" అంది.

"వస్తాం మా."

"రాతిరైనా?"

"రాతిరైనా."

"అట్లయితే కట్టు" అని మెడ వంచింది.

ఇదంతా చదివి, ఆ బిళ్ళతో మా కష్టాలన్నీ తీరిపోయాయని అనుకునేరు! వారం తిరక్కుండానే తమ్ముడి ఫోనులో అమ్మ చుక్క ఊరి బయట చెరువుగట్టు వైపు పరుగులు పెట్టింది. డెబ్బై నాలుగేళ్ళ మనిషి అంత వేగంగా ఎలా పోతోందో అర్థంకాక, మండీలో చింతపండు తూకం వదిలేసి వాడు స్కూటరు మీద వెంటపడ్డాడు. తీరా చూస్తే పక్కింటివాళ్ళ మేక! మెడలో పట్టుతాడు వేసుకుని దర్జాగా తుమ్మకాయలు నములుతోంది. ఇంటికొచ్చి అడిగితే "పాపం, అది రోజూ తప్పిపోతాది కదప్పా" అందట అమ్మ. అమ్మ ఇంట్లోనే, బొరుగులు తింటూ కూర్చుని ఉంది.

ఇప్పుడు రోజూ పొద్దున ఎనిమిదింటికి నాకు ఫోనొస్తుంది. ఉగాదికీ సంక్రాంతికీ తప్ప ఫోన్ చెయ్యని పీనాసి మా తమ్ముడు.

"అక్కా, బ్యాటరీ నిండింది. అమ్మ మెడలో వేసినా. మేక మెడ కూడా చూసొచ్చినా. ఏం లేదు" అంటాడు.

"సరేరా" అంటాను.

ఆ తరువాత ఇద్దరమూ ఫోను పెట్టెయ్యం. ఏవో మాట్లాడుకుంటాం.